గొడ్డలి పట్టకముందు ఆమె మాట ఎవరు విన్నారు?

కందిపొడి
పోయిన ఆదివారం మధ్యాహ్నం అమ్మా నేనూ కూర్చుని 'ప్రతిఘటన' చూశాం. టి. కృష్ణ తీసిన 1985 నాటి సినిమా. అమ్మ అప్పట్లోనే థియేటర్లో చూసిందట. నేను మొదటినుంచి చివరిదాకా చూడటం ఇదే మొదటిసారి. అమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గోంగూర ఒలుస్తోంది. నిండు సభలో విజయశాంతి గొడ్డలి ఎత్తగానే నేను సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టేశాను. అమ్మ తల కూడా ఎత్తలేదు. "అంతకుముందు ఆ పిల్ల నోటితో చెప్పింది కదే. చూసింది చూసినట్టు చెప్పింది. అప్పుడెవరైనా విన్నారా? వినుంటే గొడ్డలితో పనేముంది?" అంది.

అప్పట్నుంచి ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. 'లేడీ ఓరియెంటెడ్' అనగానే మనకు గుర్తొచ్చేవన్నీ గొడ్డలి, లాఠీ, తుపాకి, కత్తి. మామూలు గొంతుతో ఒక మాట చెప్పి పని జరిపించుకున్న ఆడపాత్రలు మన సినిమాల్లో ఎన్ని ఉన్నాయి? మీకు గుర్తున్నవి చెప్పండి. పోయినసారి పాటల చర్చలోలాగా తిట్టుకోవద్దు ప్లీజ్.

పాత రీలు
కందిపొడి గారూ, నేను ఎలాగూ నలుపు తెలుపులోకే వెళ్తానని మీకు తెలుసు. 'మిస్సమ్మ', 1955. మేరీ బీఏ చదివింది, ఉద్యోగం కావాలి. ఎందుకు? డేవిడ్ దగ్గర చేసిన అప్పు నెత్తిమీదుంది, అది తీర్చకపోతే వాడు పెళ్ళంటూ వెంటపడతాడు. భార్యాభర్తలైతేనే టీచరు ఉద్యోగాలిస్తామని ప్రకటన వస్తే, ముక్కూమొహం తెలియని మనిషితో మొగుడూపెళ్ళాల్లా నటించడానికి ఒప్పుకుంటుంది. అదీ తన షరతుల మీద. సినిమా అంతా ఆమె ముక్కు మీద కోపం చుట్టూ తిరుగుతుంది, కానీ ఒక్క చోట కూడా చెయ్యెత్తదు. జీతం చేతికొచ్చిన ఆడమనిషి ధీమా ఎలా ఉంటుందో సావిత్రి కనుబొమల్లో చూడొచ్చు.

అన్నట్టు ఆ వేషానికి మొదట అనుకున్నది భానుమతిని. తర్వాత మార్చారు. ఆవిడ అప్పటికే 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తనే డైరెక్ట్ చేసింది. తెర మీద శక్తి గురించి మాట్లాడుతున్నాం కాబట్టి తెర వెనక సంగతి కూడా ఓ మూల ఉండనివ్వండి.

మినపట్టు
బాబాయ్, మిస్సమ్మ చివర ఏమైందో మాత్రం చెప్పకుండా దాటేశారు. మేరీ అసలు మేరీయే కాదు, తప్పిపోయిన జమీందారు గారి కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. అప్పు తీర్చుకోవడానికి ఊరుగాని ఊరొచ్చిన పిల్ల కాస్తా పుట్టింటికీ, పసుపూకుంకాలకీ చేరిపోతుంది. ఉద్యోగం సంగతి తర్వాత ఎవరూ ఎత్తరు.

పాత రీలు
ఒప్పుకుంటా అమ్మాయ్. కథ రాసిన చక్రపాణి గారు దాన్ని అలా గూటికి చేర్చకపోతే 1955లో జనం ఇంటికెళ్ళి నిద్రపోయేవాళ్ళు కాదు. అయినా మొదటి రెండు గంటలు ఎవరూ వెనక్కి లాక్కోలేరుగా.

నేలటికెట్
నేను కొంచెం వేరే పాట పాడతాను. గొడ్డలిని మరీ చులకన చేయకండి.

మా నాన్న మా ఊరి థియేటర్లో గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. 1990లో 'కర్తవ్యం' ఆడుతున్నప్పుడు నాకు పదేళ్ళు. మాట్నీకి ఆడవాళ్ళ క్యూ కాంపౌండు దాటి సోడాబండి దాకా వచ్చేది. అంతకుముందు ఆడవాళ్ళ క్యూ అంత పొడుగు ఉండేది భక్తి సినిమాలకీ, ఏడుపు సినిమాలకే. విజయశాంతి ఖాకీ డ్రెస్సులో దిగితే బెంచీల్లోంచి ఈల వచ్చింది. వేసింది మా వీధిలో ఇడ్లీలమ్మే అత్త. ఆవిడ ఈల వేయగలదని మొగుడికే తెలియదు, ఆ రోజు నాన్నకు తెలిసింది! కిరణ్ బేడీని చూసి రాసుకున్న పాత్ర అది. జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ ఈల అబద్ధమా? మాటతో పని జరగదని ఆ ఇడ్లీల అత్తకు మనకంటే బాగా తెలుసు. అందుకే లాఠీ చూడగానే ఈల వేసింది.

ఇంకో సంగతి. దానికి ముందు ఏడాదే, 1989లో, అదే విజయశాంతి 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు'లో హీరోయిన్. టైటిల్లో ఆవిడ ఎక్కడుందో వెతుక్కోండి. 'అమ్మాయికి' దగ్గర. ఆ ఎత్తు నుంచి ఈ ఎత్తుకి ఏడాదిలో ఎక్కింది. 'కర్తవ్యం' తర్వాత మళ్ళీ 'గ్యాంగ్ లీడర్'లో హీరో పక్కన డాన్సులు వేయడానికే వెళ్ళింది, అది వేరే కథ.

సింగరేణి పిల్ల
నేలటికెట్ అన్నా, ఈల సంగతి నిజమే. కానీ నేను దొరల గడి, అంటే దొర కోట, గురించి తీసిన రెండు సినిమాలు పక్కపక్కన పెడతాను.

ఒకటి 1997లో దాసరి తీసిన 'ఒసేయ్ రాములమ్మా'. దొర చేసిన అన్యాయానికి రాములమ్మ తుపాకి పట్టి అడవిలోంచి తిరిగొస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊర్లో ఆ సినిమా పాటలు పెళ్ళి బ్యాండు వాళ్ళు కూడా వాయించేవారు. రెండోది 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'. అందులో అర్చన వేసిన కమలాక్షి అరణంగా, అంటే పెళ్ళికూతురి వెంట కట్నంలో భాగంగా, గడికి వచ్చిన మనిషి. నీళ్ళు తోడుతుంది, ఊడుస్తుంది, దొరకు కావలసినప్పుడు వెళ్తుంది. కడుపొస్తే ఉంచుకోవాలో తీయించుకోవాలో కూడా ఆమె చేతిలో లేదు. సినిమా మొత్తంలో ఆమె గొంతు పెంచదు. పెద్దగా డైలాగులే లేవు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

నేను డిగ్రీలో ఉండగా 'దాసి'ని అమ్మమ్మకు చూపించాను. రాములమ్మకు చప్పట్లు కొట్టిన మనిషి దీన్ని పావుగంట చూసి, "బంద్ చెయ్ బిడ్డా, గిది సినిమా గాదు" అని లేచిపోయింది. బాగోలేదని కాదు. ఆ వాకిలి ఆమెకు తెలుసు. శక్తి ఉన్న పాత్ర కావాలంటే రాములమ్మ. శక్తి ఎవరి దగ్గర ఉందో, ఎలా లాక్కున్నారో తెలియాలంటే 'దాసి'. నాకు రెండోది ఎక్కువ పనికొచ్చింది.

పనిలో పనిగా ఒక ఫిర్యాదు. 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు వేసిన మంత్రి కాశయ్యకి తెలంగాణ యాస ఎందుకు? హీరోయిన్‌కేమో పుస్తకాల భాష. అప్పట్లో మా యాస విలన్లకూ జోకర్లకే దక్కేది. దాని మీద ఎప్పుడైనా వేరే చర్చ పెడతా.

మినపట్టు
చిన్న డౌటు, చాలాకాలంగా ఎవర్నైనా అడగాలనుకుంటున్నది. 'మాయాబజార్'లో శశిరేఖ భలే దర్జాగా కనిపించేది ఎప్పుడు? 'అహ నా పెళ్ళియంట' పాటలో, పెళ్ళి పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు. కానీ అక్కడున్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడు! ఆడవేషంలో ఆ పొగరు, ఆ నడక, ఆ చూపు రావాలంటే లోపల మగాడు ఉండాలా? అసలు శశిరేఖ పాపం ఘటోత్కచుడి ఆశ్రమంలో కూర్చుని ఉంది.

పాత రీలు
ఓహో, ఇది నాకు అరవై ఏళ్ళలో తట్టలేదు. కానీ ఇంకో వైపు నుంచి చూడమ్మా. కథలో అది ఘటోత్కచుడే. కెమెరా ముందు నిలబడింది మాత్రం ఇరవై ఏళ్ళు దాటిన సావిత్రి. ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు గారి మీసం మెలేయడం, ఆ గుర్రు, ఆ భుజాల కదలిక అన్నీ తన ఒంట్లోకి లాక్కుంది. అంత పెద్ద నటుణ్ణి ఆయన సినిమాలోనే అనుకరించి మెప్పించడం ఏమిటనుకున్నావు? పాత్రకు లేని బలం నటికి ఉంది.

బాల్కనీ
నాకు అర్థం కాదు. మగాళ్ళను తిట్టడానికి మూడు నెలలకోసారి ఒక చర్చ పెడతారు. శివగామి లేదా? దేవసేన లేదా? జేజమ్మ లేదా? హీరో పేరు చెప్పకుండానే 'అరుంధతి' 2009లో ఎలా ఆడిందో అందరికీ తెలుసు. మంచి పాత్రలు ఇచ్చినా తప్పులు వెతుకుతామంటే ఇక ఎవరు రాస్తారు?

సింగరేణి పిల్ల
బాల్కనీ గారూ, తిట్టలేదు, లెక్క చూస్తున్నాం. మీరన్న వాటినే చూద్దాం.

'బాహుబలి 2'లో గుడి వరుసలో ఆడవాళ్ళను తడుముతున్న సేతుపతి వేళ్ళు దేవసేన నరికేస్తుంది. అక్కడికి అయిపోయింది, అద్భుతం. తర్వాత ఏమైంది? సంకెళ్ళతో సభలో నిలబెట్టారు. అప్పుడు బాహుబలి వచ్చి, నువ్వు తప్పు చేశావు, నరకాల్సింది వేళ్ళు కాదు తల అని, వాడి తల నరికేస్తాడు. థియేటర్ బద్దలైంది దేనికి? తలకి. వేళ్ళు నరికిన మనిషి అప్పటికి సంకెళ్ళతో నిలబడి చూస్తోంది. ఆమె చేసిన పనిని ఆయన మరో మెట్టు పైకెక్కి చేసేసరికి అది ఆయన సీనైపోయింది.

బాల్కనీ
సరే, అదొప్పుకున్నా. మరి అదే సినిమాలో భల్లాలదేవుడి సంబంధం వద్దని కబురు పంపింది ఎవరు? శివగామి ముందు నిలబడి, నా పెళ్ళి నన్నడగకుండా ఎలా ఖాయం చేస్తారని అడిగింది ఎవరు? కత్తి లేదు, గొడ్డలి లేదు. కందిపొడి గారు అడిగింది సరిగ్గా అదే కదా? దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

కందిపొడి
బాల్కనీ గారూ, ఇది బావుంది. నిజంగానే మర్చిపోయాను. పైగా ఆ సీన్లో అటూ ఇటూ ఆడవాళ్ళే. ఒకరిది అధికారం, ఇంకొకరిది హక్కు. సినిమా మొత్తంలో నాకు నచ్చిన మాటల యుద్ధం అది.

నేలటికెట్
'అరుంధతి' గురించి ఒక ముక్క. జేజమ్మ పశుపతిని శాశ్వతంగా వదిలించుకోవాలంటే ఏం చేయాలి? ముందు తను చావాలి. తన ఎముకలతో ఆయుధం చేయాలి. అది వచ్చే జన్మలో అరుంధతికి పనికొస్తుంది. గద్వాల సంస్థానానికి రాణి, ఒక వెధవను చంపడానికి రెండు జన్మలు పట్టింది! ఇంతా అయ్యాక జనం నోట్లో మిగిలిన డైలాగు ఎవరిది? 'వదల బొమ్మాళీ'. వాడిది.

కొబ్బరాకు
చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

నేను హైదరాబాద్‌లో ఆరేడేళ్ళు డబ్బింగ్ చెప్పాను. ఎక్కువగా పెళ్ళి సీన్లో గుంపు గొంతులు, పక్కింటి ఆవిడ, నర్సు, కాలేజీ ఫ్రెండ్స్. హీరోయిన్‌కి చెప్పే అవకాశం నాలుగైదు సార్లు వచ్చింది. చీకటి గదిలో మైకు ముందు నిలబడతాం, తెర మీద అదే ముక్క మళ్ళీమళ్ళీ తిప్పుతారు, పెదాలకు సరిపోయేదాకా చెబుతూనే ఉండాలి. ఒకసారి హీరోయిన్ హీరోను నిలదీసే సీన్. తెర మీద ఆ అమ్మాయి కళ్ళలో నిప్పులున్నాయి. నేను ఆ కళ్ళకు తగ్గట్టు గొంతు దింపి, గట్టిగా చెప్పాను. గాజు అవతల నుంచి "అమ్మా, అంత బరువొద్దు, పల్చగా, కొంచెం చిన్నపిల్ల అలిగినట్టు చెప్పండి" అన్నారు. మళ్ళీ చెప్పాను. ఇంకా పల్చగా అన్నారు. ఐదోసారికి నిప్పులు పోయి మారాం మిగిలింది. "ఓకే, సూపర్" అన్నారు. సినిమా చూసినవాళ్ళు ఆ హీరోయిన్‌కి నటన రాదన్నారు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, కానీ నటన వచ్చు. ఆ రోజు నేను చూశాను కదా.

అందుకే 2017లో 'ఫిదా' వచ్చినప్పుడు నేను రెండుసార్లు వెళ్ళాను. బాన్సువాడ పిల్ల భానుమతికి సాయిపల్లవి తన గొంతే ఇచ్చింది, అదీ తెలంగాణ మాటలో. కొన్నిచోట్ల పలుకు తడబడుతుంది, తడబడనీ. కోపం వస్తే కోపంలాగే వినపడింది. మనం పాత్రకు బలం ఉందా లేదా అని కథలోనే వెతుకుతాం. సగం బలం గొంతులో పోతుంది, అది పోయిందని కూడా ఎవరికీ తెలియదు.

సింగరేణి పిల్ల
కొబ్బరాకు అక్కా, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. మా యాస హీరోయిన్ నోట్లోకి రావడానికి అన్నేళ్ళు పట్టింది అనుకున్నాను. అసలు సొంత గొంతే రావడానికి పట్టిందన్నమాట.

పాత రీలు
నాకు 'గుండమ్మ కథ' గురించి ఒకటి చెప్పాలనుంది. 1962. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ అందరూ ఉన్నారు, సినిమా పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్ర మీద. ఇది గొప్పే. కానీ గుండమ్మ ఎవరు? మొగుడు పోయిన మనిషి. ఆస్తి, ఇల్లు, తాళాలు అన్నీ తన చేతిలో పెట్టుకుని నడుపుకొస్తోంది. సవతి కూతుర్ని పనిమనిషిలా చూసింది, అది తప్పే, కాదనను. కానీ సినిమా ఆమెను గయ్యాళి అంది. ఆమె కూతురు సరోజను పొగరుబోతు అంది. ఆ పొగరు దించడానికి మొగుడు తను పేదవాణ్ణని చెప్పి ఒళ్ళొంచి పని చేయిస్తాడు, మనం 'కోలో కోలోయన్న' అంటూ చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను, ఇప్పటికీ కొడతాను, ఆ పాట అలాంటిది.

తర్వాత ముప్పై ఏళ్ళు మన 'పొగరుబోతు అత్త' సినిమాలన్నిటికీ విత్తనం ఇదే అనిపిస్తుంది. డబ్బున్న అత్త, చదువుకున్న కూతురు, ఇద్దరి మెడలూ వంచే అల్లుడు. సూర్యకాంతం అనే పేరు ఆడపిల్లలకు పెట్టుకోవడమే మానేశారు జనం. ఆవిడ బయట ఎంతో మెత్తని మనిషని తెలిసినవాళ్ళు చెబుతారు. అధికారం ఉన్న ఆడదాన్ని అంత బాగా నటించినందుకు పేరే పోయింది.

అట్లాంటా అత్తయ్య
మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే ఇంగ్లీషులోకి దూకుతుంది. 'వకీల్ సాబ్' ఓటీటీలో వేశాం. ముగ్గురు అమ్మాయిల కేసు. అయిపోయాక అది అడిగిన మొదటి ప్రశ్న: "కేసు వాళ్ళది కదా, మరి ఎక్కువసేపు ఆ లాయరు గతం ఎందుకు చూపించారు?" నా దగ్గర జవాబు లేదు. దీనికి మూలమైన హిందీ 'పింక్'లో కూడా గెలిపించేది మగ లాయరే, కానీ అక్కడ ఆయన ఫైట్లు చేయడు. ఇక 'మగువా మగువా' పాట. వింటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఆడవాళ్ళ గొప్పతనం గురించి పాట, పాడింది సిద్ శ్రీరామ్. తప్పని అనడం లేదు. వినేటప్పుడు తట్టింది, అంతే.

నేలటికెట్
హీరో ఉన్నాడు కాబట్టే అత్తయ్యగారూ, ఆ కేసు బీ, సీ సెంటర్ల దాకా, అంటే చిన్న ఊళ్ళ థియేటర్ల దాకా, వెళ్ళింది. 'వద్దు అంటే వద్దు' అనే మాట మా ఊరి కుర్రాళ్ళు ఎవరి నోట వింటారు? వాళ్ళకు నచ్చిన హీరో నోట. ఆ మాట ఆ అమ్మాయే చెబితే షో మొదటి రోజే ఖాళీ.

అట్లాంటా అత్తయ్య
అది నిజమే అయ్యుండొచ్చు. అదే కదా నా బాధ.

మినపట్టు
ఇంకో పుల్ల పెడతాను. 'స్వర్ణకమలం', 1988. విశ్వనాథ్ గారి అభిమానులు ముందే క్షమించాలి. మీనాక్షికి ఏం కావాలి? కూచిపూడి ఇంట్లో పుట్టి దరిద్రం చూసి విసిగిపోయింది. హోటల్లో ఉద్యోగం, నెలనెలా జీతం, కాస్త సినిమాలు, కాస్త చీరలు. ఇందులో తప్పేముంది? కానీ హీరో చంద్రశేఖరం వెంటపడతాడు. నీలో కళ ఉంది, నీకు తెలియడం లేదు, డాన్సే చెయ్యాలి అంటాడు. చివరికి ఆయన మాటే గెలుస్తుంది. భానుప్రియ డాన్స్ చూస్తే గెలవక తప్పదనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. 'నాకు ఇది వద్దు' అని మొదటి సీన్ నుంచీ చెబుతున్న అమ్మాయికి, నీకేం కావాలో నాకు తెలుసు అని చెప్పే సినిమా అది.

పాత రీలు
మినపట్టూ, ఇక్కడ నేను ఒప్పుకోను. ఆమె వద్దంటున్నది నాట్యాన్ని కాదు, తిండి పెట్టని నాట్యాన్ని. తండ్రి పోయాక ఆమెలో వచ్చే మార్పు చంద్రశేఖరం తెచ్చింది కాదు, ఆమె లోపల జరిగింది. ఇంకొకరు గుర్తు చేసినంత మాత్రాన అది ఆమెది కాకుండా పోతుందా? మా చెల్లెలు వీణ మానేసి బ్యాంకులో చేరింది. యాభై దాటాక మళ్ళీ పట్టుకుంది. ఎవరో ఒకరు అడిగారు కాబట్టే పట్టుకుంది.

మినపట్టు
మీ చెల్లెలు గారు యాభై దాటేదాకా బ్యాంకు జీతం తీసుకున్నారు బాబాయ్. మీనాక్షికి ఆ టైమ్ ఎవరిచ్చారు?

పాత రీలు
...సరే. ఇది రేపు ఫిల్టర్ కాఫీ తాగి రాస్తాను.

కొబ్బరాకు
కందిపొడి గారి అసలు ప్రశ్నకు నా జవాబు: '35 చిన్న కథ కాదు', 2024. తిరుపతిలో ఒక గృహిణి, పదో తరగతి తప్పింది. కొడుక్కి లెక్కలు రావడం లేదు. సున్నాకు విలువ లేకపోతే, పక్కన ఒకటి చేరగానే పది ఎలా అవుతుందని వాడి గొడవ. వాడికి చెప్పడానికి ఆమే మళ్ళీ లెక్కలు నేర్చుకోవడం మొదలుపెడుతుంది. నివేదా థామస్ వంటగట్టు దగ్గర నిలబడి కూడికలు చేస్తుంటే నాకు మన మాస్ ఇంటర్వెల్ సీన్లు గుర్తుకొచ్చాయి, అంత ఊపు ఉంది.

సింగరేణి పిల్ల
మంచి సినిమా. కానీ అక్కా, అదీ కొడుకు కోసమే కదా. తన కోసం నేర్చుకుని ఉంటే మనం టికెట్ కొనేవాళ్ళమా?

కందిపొడి
ఇప్పుడే '35' అమ్మతో చూశాను. అమ్మ ముప్పై రెండేళ్ళు తెలుగు టీచరు, లెక్కలంటే పడదు. మధ్యలో ఆపించి, "ఇలా చెబితే నేనూ నేర్చుకునేదాన్ని" అంది. తర్వాత చర్చలో మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. ఇడ్లీల అత్త ఈల దగ్గర బాగా నవ్వింది.

అప్పుడు నేను అడగని సంగతి ఒకటి చెప్పింది. 1985లో 'ప్రతిఘటన'కి వెళ్ళింది పెళ్ళయిన కొత్తలో. తనతో పనిచేసే ఇద్దరు టీచర్లతో, స్కూలు నుంచి నేరుగా ఫస్ట్ షోకి. ఇంట్లో చెప్పలేదు. తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది, నానమ్మ వాకిట్లోనే కూర్చుంది. దారి పొడుగునా ముగ్గురూ ఏం అబద్ధం చెప్పాలా అని రకరకాలుగా అనుకున్నారట.

"మరి ఏం చెప్పావ్?" అన్నాను.

"సినిమాకెళ్ళానని చెప్పా."

"నానమ్మ ఏమంది?"

"అన్నం చల్లారిపోయింది, చారు వెచ్చబెట్టుకో అంది. తర్వాత కథ చెప్పమంది."

నేలటికెట్
ఏ థియేటరో అడగండి.

కందిపొడి
అడిగాను. ఇప్పుడది కల్యాణమండపం.